దూరం ఒకటే, ప్రయాణ సమయం రోజుకొకటి: బెంగళూరు నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో

(హిందూపురంలో ఒక ఆదివారం సాయంత్రం చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. పిల్లలూ, మీరంతా ముందు వరసలోకి రండి. గ్లోబు మీకు బాగా కనబడాలి. పెద్దవాళ్ళు ఏమీ అనుకోకండి, ఇవాళ ముందు వరస పిల్లలదే.

మొదట ఒక ప్రశ్న. ఈ హాల్లో కూర్చున్నవాళ్ళలో కొడుకో కూతురో కాలిఫోర్నియాలో ఉన్నవాళ్ళు చాలామందే ఉన్నారని నాకు తెలుసు. మనకు విమానాశ్రయం అంటే బెంగళూరు దగ్గరి దేవనహళ్ళే కదా. అక్కడ నిలబడితే శాన్‌ఫ్రాన్సిస్కో ఏ దిక్కున ఉంది? ఆలోచించకండి, ఊరికే చెయ్యి చాపి చూపించండి. ఆఁ... చాలామంది పడమర చూపించారు. కొందరు తూర్పు చూపించారు. పడమర ఎందుకన్నారో నాకు అర్థమైంది. మన పిల్లలు దుబాయ్ మీదుగానో లండన్ మీదుగానో పోతారు, రెండూ పడమరే. తూర్పు అన్నవాళ్ళు జపాన్, ఆ తర్వాత పసిఫిక్ మహాసముద్రం, దాని అవతలి ఒడ్డున కాలిఫోర్నియా అని లెక్కేసుకున్నారు. అదీ నిజమే.

కానీ అన్నిటికంటే దగ్గరి దారి ఏదంటే, ఉత్తరం. అవునమ్మా, ఉత్తరమే. కచ్చితంగా చెప్పాలంటే నేరుగా ఉత్తరం నుంచి తూర్పుకు ఇరవై డిగ్రీలు జరగాలి. అదిగో, ఆ కిటికీ వైపు. నమ్మకం కుదరట్లేదు కదా? కుదరక్కర్లేదు, దారం పెట్టి చూద్దాం.

ఇటు రా నాన్నా, ఈ దారం కొస బెంగళూరు మీద నొక్కి పట్టుకో. నువ్వమ్మా, రెండో కొస శాన్‌ఫ్రాన్సిస్కో మీద పెట్టు. ఇప్పుడు బిగించి లాగండి. వదులుగా ఉండకూడదు, దారం గ్లోబుని అంటుకుని ఉండాలి. చూశారా? మీరు ఎక్కడా తిప్పలేదు, దారం దానంతటదే పైకి జరిగి, ఉత్తర ధ్రువం వైపు వెళ్ళి మళ్ళీ కిందికి వచ్చింది. గుండ్రటి వస్తువు మీద రెండు చోట్ల మధ్య తిన్నని దారి అంటే అదే. లెక్క కడితే ఆ దారం పొడవు దగ్గర దగ్గర 14,000 కిలోమీటర్లు. ఇంకా సరిగ్గా కావాలంటే 13,990 దాకా.

ఈ దారి ఎవరి ఊరి మీదుగా పోతుందో కూర్చుని లెక్క వేశాను. అది చెప్పాలనే ఇవాళ వచ్చాను నిజానికి. దేవనహళ్ళిలో మొదలై మన కదిరికి పది పన్నెండు కిలోమీటర్ల పక్కనుంచి పోతుంది. తర్వాత నల్లమల ఎక్కుతుంది. శ్రీశైలానికి కాస్త పడమరగా కృష్ణ దాటుతుంది. నల్లగొండ పక్కనుంచి వెళ్ళి సరిగ్గా కాజీపేట మీదికి వస్తుంది. అక్కడ రైలు మారినవాళ్ళు ఇక్కడ ఎంతమంది లేరు! అమెరికా దారిలో కాజీపేట ఉందని ఎవరైనా అనుకుంటామా? అక్కడి నుంచి ఛత్తీస్‌గఢ్, ఉత్తరప్రదేశ్‌లో గోరఖ్‌పూర్ దగ్గర, నేపాల్‌లో అన్నపూర్ణ శిఖరం. ఆ శిఖరం ఎత్తు 8,091 మీటర్లు. ఆ తర్వాత టిబెట్, చైనాలోని షింజియాంగ్, మంగోలియా పడమటి భాగం, బైకాల్ సరస్సుకు పైన సైబీరియా. 71 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాకా ఎక్కుతుంది, అంటే ఆర్కిటిక్ వలయం కూడా దాటేసి మరో ఐదు వందల కిలోమీటర్లు. అక్కడి నుంచి దిగడం మొదలుపెట్టి, అలాస్కా మధ్యగా పోయి, కెనడా తీరానికి దూరంగా సముద్రం మీద నడిచి కాలిఫోర్నియా చేరుతుంది.

మరి పసిఫిక్ మహాసముద్రం మధ్యలో ఉండేలా అచ్చేసిన గోడ మ్యాపు మీద స్కేలు పెట్టి గీస్తే ఏమవుతుంది? బంగాళాఖాతం దాటి, ఫిలిప్పీన్స్ ఉత్తర కొస దగ్గరగా, పసిఫిక్ మధ్యలోంచి గీత వస్తుంది. చూడ్డానికి అదే తిన్నగా ఉంటుంది. కొలిస్తే దాదాపు 16,000 కిలోమీటర్లు. రెండు వేల కిలోమీటర్లు ఎక్కువ! విమానానికి రెండు గంటల పైమాటే. గుండ్రంగా ఉన్నదాన్ని బల్లపరుపుగా పరిచినప్పుడు ఎక్కడో ఒకచోట సాగదీయక తప్పదు. గోడ మ్యాపుల్లో ఆ సాగదీత అంతా ధ్రువాల దగ్గర జరుగుతుంది. అందుకే సీటు ముందున్న స్క్రీన్ మీద విమానం పైకి వంపు తిరిగి పోతున్నట్టు కనబడితే చుట్టు తిరుగుతోందేమో అనుకోవద్దు. వంపు మ్యాపులో ఉంది, దారిలో కాదు.

సరే, దారం కథ అయింది. ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. విమానం ఈ దారం మీద పోతుందా? పోదు. ఇదే నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్నది. రెండు విమానాశ్రయాల మధ్య దూరం ఎప్పుడూ ఒకటే. దాన్ని ఒకసారి కొలిస్తే చాలు. ప్రయాణ సమయం మాత్రం ప్రతిరోజూ మళ్ళీ కొత్తగా లెక్క కట్టాల్సిందే. ప్రతిరోజూ. నిన్న పోయిన దారి ఇవాళ పనికిరాకపోవచ్చు.

ఎందుకు పోదు? మొదట టిబెట్ సంగతి చూడండి. విమానం పదీ పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుంది, అన్నపూర్ణ కూడా కిందే ఉంటుంది. మరి భయం దేనికి? అనుకోకుండా లోపల గాలి పీడనం పడిపోతే పైనుంచి మాస్కులు పడతాయని ఎయిర్‌హోస్టెస్ చెబుతుంది కదా, గుర్తుందా? ఆ మాస్కుల్లో ఆక్సిజన్ చాలా విమానాల్లో సుమారు పావుగంటకే వస్తుంది. ఆ పావుగంటలో పైలట్ విమానాన్ని మూడు వేల మీటర్ల ఎత్తుకు దించాలి. అక్కడైతే మాస్కు లేకుండా ఊపిరి తీసుకోవచ్చు. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే 4,500 మీటర్లు. అక్కడ మూడు వేలకు ఎక్కడ దిగుతారు? నేలే అంతకంటే పైన ఉంది. పావుగంటలో దాటిపోయేంత చిన్నదా అంటే అదీ కాదు. అందుకే విమానాలు వీలైనంత వరకు ఆ పీఠభూమిని తప్పించుకుని పోతాయి.

ఇక గాలి. దీని దగ్గర కాసేపు ఆగుతాను, ఎందుకంటే దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి తూర్పుకు పోతే ఒక సమయం, పడమరకు పోతే ఒక సమయం అనుకుంటారు. పిల్లలూ, మీలో ఎంతమంది అలా అనుకుంటున్నారు? చేతులు చాలానే లేచాయి. కానీ ఆలోచించండి. భూమితో పాటు గాలి కూడా తిరుగుతోంది. విమానమూ తిరుగుతోంది. భూమి ఒక్కటే కింద జరిగిపోయి విమానం ఆకాశంలో ఆగిపోదు. అలా అయితే ఇక్కడ ఎగిరి దూకినవాడు పడమరగా ఈ హాలు అవతల ఎక్కడో పడాలి.

తేడా తెచ్చేది పైన వీచే గాలి. తొమ్మిది, పన్నెండు కిలోమీటర్ల మధ్య ఎత్తులో పడమర నుంచి తూర్పుకు జోరుగా వీచే గాలుల్ని జెట్ స్ట్రీమ్‌లు అంటారు. చలికాలంలో ఇంకా ఉధృతం. జపాన్ మీద కొన్నిసార్లు గంటకు 300 కిలోమీటర్లు దాటుతాయి. వాటిని పద్ధతిగా కొలిచి రాసిన తొలి మనిషి జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వసబురో ఓయిషి. 1920లలో బెలూన్లు వదిలి వదిలి కొలిచాడు. కానీ తన నివేదికను 1926లో ఎస్పరాంటో భాషలో అచ్చేశాడు. అన్ని దేశాలవాళ్ళకూ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన భాష అది. ప్రపంచమంతా చదవాలని ఆ భాష ఎంచుకున్నాడు, తీరా చదివినవాళ్ళు చాలా తక్కువ. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మీదికి వచ్చిన అమెరికా పైలట్లు ఎదురుగాలికి తమ విమానాలు ముందుకు సాగకపోవడం చూసి ఆశ్చర్యపోయారు. ఆయన రాసింది అప్పటికి చాలా ఏళ్ళుగా గ్రంథాలయాల్లో ఉంది. నాకు ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా బాధేస్తుంది.

కృష్ణలో పడవ నడిపేవాళ్ళని అడగండి. తెడ్డు వేసే బలం అదే, ప్రవాహంతో పాటు పోతే ఒక లెక్క, ఎదురెక్కితే ఇంకో లెక్క. విమానం కూడా గాలిలో గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోతుంది. గాలి లేకపోతే 14,000 కిలోమీటర్లకు 15 గంటల 33 నిమిషాలు. దారి పొడవునా సగటున 50 కిలోమీటర్ల ఎదురుగాలి ఉందనుకోండి, 16 గంటల 28 నిమిషాలు. అదే 50 వెనక నుంచి తోస్తే 14 గంటల 44 నిమిషాలు. దూరం మారలేదు, విమానం మారలేదు, ఇంజిన్ మారలేదు. గంటా నలభై నాలుగు నిమిషాలు తేడా!

ఇది కాగితం మీద లెక్క. నిజంగా జరిగింది చెబుతాను, వినండి. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎయిర్ ఇండియా 2015 చివర్లో విమానం మొదలుపెట్టింది. అది అట్లాంటిక్ మీదుగా పోయేది, దాదాపు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబర్‌లో దాన్ని ఇటు తిప్పి పసిఫిక్ మీదుగా పంపారు. దూరం 15,300 కిలోమీటర్లు. 1,400 కిలోమీటర్లు ఎక్కువ దారి ఎంచుకున్నారు. మరి ఎప్పుడు చేరింది? పద్నాలుగున్నర గంటల్లో! పాత దారి కంటే ఇంచుమించు రెండు గంటలు ముందు. సగటున గంటకు వెయ్యి కిలోమీటర్లు దాటి పోయినట్టు లెక్క. ఇంజిన్లు అదనంగా ఏమీ కష్టపడలేదు, వెనక గాలి తోసింది. దూరం పెంచుకుని సమయం తగ్గించుకోవడం అంటే ఇది. మన ఆటోవాళ్ళు మీటరు చూసి దారి ఎంచుకుంటారు, పైన మాత్రం గాలి చూసి ఎంచుకోవాలి.

మరి వెనక్కి వచ్చేటప్పుడు? అదే గాలి ఎదురవుతుంది. 2021 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు తొలిసారి నేరుగా విమానం వచ్చినప్పుడు ఉత్తర ధ్రువం మీదుగా వచ్చింది. కాక్‌పిట్‌లో అందరూ మహిళలే. కెప్టెన్ జోయా అగర్వాల్, కెప్టెన్ పాపగారి తన్మయి, కెప్టెన్ ఆకాంక్ష సోనావరె, కెప్టెన్ శివానీ మన్హాస్. ఆడపిల్లలు ఈ నాలుగు పేర్లూ రాసుకోండి. సుమారు 17 గంటలు. ధ్రువం వైపు పోతే జెట్ స్ట్రీమ్‌కు ఎదురెక్కే కష్టం తగ్గుతుంది.

ధ్రువం దారి అంటే వినడానికి బాగుంటుంది కానీ అక్కడ చిక్కులు వేరు. చలి. విమానంలో ఇంధనం రెక్కల్లో ఉంటుంది, బయట మైనస్ 60, కొన్నిసార్లు అంతకంటే తక్కువ. మన దేశంలో నింపే ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టే రకం. అమెరికాలో ఎక్కువగా దొరికే రకం మైనస్ 40కే గడ్డకడుతుంది. ఏడు డిగ్రీల తేడా ఏముందిలే అనుకుంటాం. గంటల తరబడి ఆ చలిలో ఎగిరేసరికి రెక్కలోని ఇంధనం మెల్లమెల్లగా చల్లబడిపోతూ ఉంటుంది. పైలట్లు దాని ఉష్ణోగ్రత చూసుకుంటూనే ఉంటారు. మరీ పడిపోతుంటే వేగం పెంచుతారు, ఎందుకంటే వేగం పెరిగితే రాపిడికి రెక్క కాస్త వెచ్చబడుతుంది. లేదంటే తక్కువ చలి ఉన్న ఎత్తుకు మారతారు. అమెరికా నుంచి వచ్చే విమానానికి ఈ జాగ్రత్త ఎక్కువ కావాలి. 82 డిగ్రీల అక్షాంశం దాటాక భూమధ్యరేఖ పైన నిలిచి ఉండే ఉపగ్రహాల సిగ్నల్ కూడా సరిగా అందదు, పాతకాలపు హెచ్‌ఎఫ్ రేడియో మీద ఆధారపడాలి.

ఇంధనం మాట వచ్చింది కాబట్టి ఇదీ చెబుతాను. ఆ రోజు వచ్చిన బోయింగ్ 777-200 ఎల్‌ఆర్ రకం విమానం నిండుగా బయల్దేరితే గరిష్ఠంగా 347 టన్నులు. అందులో ఇంధనమే 145 టన్నుల దాకా పడుతుంది. ఐదింట రెండు వంతులు ఇంధనమే! దాన్ని మోయడానికి కూడా ఇంధనం కాలుతుంది. అందుకే ఇంకో గంట పోయేందుకు ఇంకో గంట ఇంధనం వేస్తే సరిపోదు, అంతకంటే ఎక్కువ వేయాలి. ఎదురుగాలి మరీ ఎక్కువగా ఉన్న రోజు సరుకో, సీట్లో మనుషులో తగ్గించుకుని బయల్దేరాల్సి వస్తుంది. సీట్లు ఖాళీగా ఉన్నా టికెట్ ఎందుకివ్వలేదని కోపం తెచ్చుకునేవాళ్ళు ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

ఇక దేశాల ఆకాశాలు. దీని గురించి ఎక్కువ చెప్పను, పేపర్లో చదువుతూనే ఉన్నారు. 2022 ఫిబ్రవరిలో యుద్ధం మొదలయ్యాక రష్యా ఆకాశం అమెరికా, యూరప్ విమానాలకు మూసుకుపోయింది. ఫిన్లాండ్ రాజధాని హెల్సింకి నుంచి టోక్యోకు తొమ్మిదిన్నర గంటల్లో పోయే విమానం ఇప్పుడు 13 గంటలు పోతోంది. మనకు పాకిస్తాన్ ఆకాశం 2019లో కొన్ని నెలలు మూతపడింది, 2025 ఏప్రిల్‌లో మళ్ళీ మూతపడింది. ఢిల్లీ నుంచి యూరప్, అమెరికా పోయే విమానాలు గుజరాత్, అరేబియా సముద్రం వైపు దిగి తిరిగి పోవాల్సి వచ్చింది. ఇందులో ఊళ్ళు ఎక్కడికీ జరగలేదు. గ్లోబు మీద దారం పొడవూ అంతే. మనుషులు గొడవ పడ్డారు, ప్రయాణికుల గంటలు పెరిగాయి. ఇలాంటి కారణాల వల్లే నేరుగా పోయే సర్వీసులు మొదలవుతుంటాయి, ఆగుతుంటాయి, మధ్యలో ఎక్కడో దిగి ఇంధనం నింపుకునేలా మారుతుంటాయి. టికెట్ కొనే రోజు ఏది నడుస్తోందో ఆ రోజే చూసుకోవాలి. పోయినేడాది పక్కింటివాళ్ళ అబ్బాయి ఎలా పోయాడో అడిగితే లాభం లేదు.

ఇప్పుడు గడియారం. అమ్మానాన్నలకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఇదే. నేను చెప్పిన 2021 విమానం శాన్‌ఫ్రాన్సిస్కోలో జనవరి 9 రాత్రి బయల్దేరింది. బెంగళూరులో జనవరి 11 తెల్లవారకముందే దిగింది. తేదీలు చూస్తే రెండు రోజులు ప్రయాణం చేసినట్టుంది. కానీ చలికాలంలో కాలిఫోర్నియా మనకంటే పదమూడున్నర గంటలు వెనక. అక్కడ 9 రాత్రి ఎనిమిదిన్నర అయితే, మనకు అప్పటికే 10వ తారీఖు పొద్దున పది. అక్కడి నుంచి పదిహేడు గంటలు లెక్కపెట్టుకోండి, 11వ తారీఖు తెల్లవారుజామున మూడు. అంతే. ఎవరి జనవరి 10 కూడా మాయమవలేదు, అదంతా గాలిలో గడిచింది.

ఇటు నుంచి అటు పోతే తమాషాగా ఉంటుంది. చలికాలంలో మధ్యాహ్నం రెండున్నరకు దేవనహళ్ళిలో ఎక్కి పదహారు గంటలు ప్రయాణం చేస్తే, అక్కడ అదే రోజు సాయంత్రం ఐదింటికి దిగుతారు. టికెట్ చూసి రెండున్నర గంటల ప్రయాణమే అనుకోవద్దు. టికెట్ మీద ప్రతి సమయం ఆ ఊరి గడియారానిది. ఇంకోటి, అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. అందుకని ఎండాకాలంలో తేడా పన్నెండున్నర గంటలే. పన్నెండున్నర అంటే చాలా తేలిక. మనకు రాత్రి తొమ్మిదైతే వాళ్ళకు అదే రోజు పొద్దున ఎనిమిదిన్నర. అరగంట తీసి పొద్దునను రాత్రి, రాత్రిని పొద్దున చేసుకుంటే సరి.

టికెట్ మీద రాసే ప్రయాణ సమయం కూడా ఆకాశంలో ఉన్న సమయం కాదు. గేటు దగ్గర విమానం కదిలినప్పటి నుంచి, అవతల గేటు దగ్గర ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా పోవడం, అక్కడ వరసలో నిలబడటం, దిగాక విమానం గేటు దాకా రావడం అన్నీ అందులోనే. కొంచెం ఆలస్యానికి కూడా చోటు ఉంచి రాస్తారు. అందుకే ఒక్కోసారి అరగంట ముందే వచ్చేశాం అని ఫోన్ చేస్తారు పిల్లలు.

చివరగా ఒక మాట, ఫోన్లో విమానం బొమ్మ చూస్తూ రాత్రంతా మేలుకునే తల్లిదండ్రులకు. రెండు ఇంజిన్ల విమానం సముద్రం మీదైనా మంచు మీదైనా, ఒక ఇంజిన్ ఆగిపోతే ఇన్ని నిమిషాల్లో చేరగలిగిన విమానాశ్రయం ఉండేలా దారి గీసుకునే బయల్దేరుతుంది. అది ముందే రాసి ఉంటుంది. 2023 జూన్ 6న ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో పోతున్న విమానం ఒక ఇంజిన్‌లో ఇబ్బంది వచ్చి రష్యా తూర్పు కొసన మగదాన్ అనే ఊళ్ళో దిగింది. 216 మంది ప్రయాణికులు, 16 మంది సిబ్బంది. అందరూ క్షేమం. ఇబ్బంది పడ్డారు, చలి, తెలియని భాష, చాలినన్ని గదులు లేవు. జూన్ 8న ఇంకో విమానం వెళ్ళి వాళ్ళను శాన్‌ఫ్రాన్సిస్కో చేర్చింది. ఎప్పుడూ పేరు వినని ఊళ్ళో మీ అబ్బాయి విమానం దిగినట్టు ఫోన్లో కనబడితే అది దారి తప్పడం కాదమ్మా. చాలావరకు బయల్దేరకముందే ఆ ఊరి పేరు ఫ్లైట్ ప్లాన్‌లో రాసుకునే ఉంటారు. అక్కడి రన్‌వే పొడవు, ఆ రోజు వాతావరణం కూడా చూసుకునే ఉంటారు.

ఇక మీ ప్రశ్నలు అడగండి. ముందు పిల్లలవి.